నర్సమ్మ బండి

ఆసుపత్రి వాళ్ళు స్కూటరు అడిగారని తెలిసిన రోజు ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది అల్లుడు. బండి అత్తగారిది. దాన్ని బాగుచేయాల్సింది పెళ్ళాం. మధ్యలో తనకు ఒరిగేదేమీ లేదు. అయినా మంచం దిగి వచ్చి, మెట్ల కింద గోనెపట్టాల మాటున పద్నాలుగేళ్ళుగా పడున్న ఆ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎలుకలు కొరికేసిన సీటులోకి వేలు పోనిచ్చి, లోపలి పీచు కాస్త లాగి చూశాడు.

"సీటు సంగతి నాకొదిలెయ్యండి. మిగతాది మీ తల్లీకూతుళ్ళు చూసుకోండి," అన్నాడు.

అతను పుస్తకాల బైండరు. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక దుకాణం మూతపడింది కానీ దబ్బనం, మైనం పూసిన దారం, అట్టలు కోసే కత్తి ఇంకా మంచం కింద పెట్టెలోనే ఉన్నాయి. వారానికి మూడు రోజులు అతని రక్తం మిషన్లోకి వెళ్ళి శుభ్రపడి తిరిగొస్తుంది. మిగతా నాలుగు రోజులూ తాగకూడని నీళ్ళ గురించి ఆలోచించకుండా ఉండటానికి అతనికి ఏదో ఒక పని కావాలి.

అతని భార్యకు నలభై రెండేళ్ళు వచ్చినా అందరూ చిట్టి అనే పిలుస్తారు. రెడీమేడ్ బట్టల కంపెనీలో నూట ఇరవై కుట్టుమిషన్లకు ఆమె ఒక్కతే మెకానిక్. ఆమె రెండు రోజులు రాకపోతే ఆ షెడ్డులో సగం లైన్లు మూగబోతాయి. అలాంటిది ఏకంగా పదిహేను రోజులు సెలవడిగింది. "అమ్మ బండి బాగుచెయ్యాలి సార్," అంటే సూపర్‌వైజరు కాగితం వంక కూడా చూడకుండా సంతకం పెట్టాడు. చిన్నప్పుడు ఆ బండి చప్పుడు వినబడగానే మంచం కింద దూరిన పిల్లల్లో ఆయనొకడు. నర్సమ్మ కాలు పట్టి బయటికి లాగి మరీ సూది పొడిచేదట.

చిట్టి తల్లికి అసలు పేరు ఉన్నా, ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఆసుపత్రిలో నర్సుగా చేశాక అది పెన్షను కాగితాల మీద మాత్రమే మిగిలింది. కిరాణా కొట్టువాడికీ, పాలవాడికీ, చివరికి అల్లుడి స్నేహితులకు కూడా ఆవిడ నర్సమ్మే. ఆసుపత్రి పెట్టి యాభై ఏళ్ళవుతోందనీ, రెండు వారాల్లో, శనివారం నాడు సభ జరుగుతుందనీ, ఆ పాత స్కూటరును పోర్టికోలో ప్రదర్శనకు పెడతారనీ కబురు తెచ్చింది ఆవిడే. తెచ్చిన కబురు చెప్పి, అదేదో పక్కింటి వాళ్ళ విషయమన్నట్టు వెళ్ళి బట్టలు మడతపెట్టుకుంది.

ఇంక ఆరు రోజులే ఉన్నాయనగా, ఆదివారం నాడు ముందు గది ముందు గదిలా లేదు. పాత పేపర్ల మీద ఇంజను ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంది. పెట్రోలు ట్యాంకులో గుప్పెడు కంకర, కాస్త కిరసనాయిలు పోసి ఊపీ ఊపీ చిట్టి భుజాలు పట్టేశాయి. మొదటిసారి వంచితే కషాయం రంగులో తుప్పు కారింది. నాలుగోసారికి కిరసనాయిలు కిరసనాయిలులాగే బయటికొచ్చింది. సైలెన్సరులో పేరుకున్న మసిని మంటపెట్టి కాల్చి, సైకిలు చువ్వతో గోకి దులిపితే తట్టెడు బొగ్గు రాలింది. నర్సమ్మ మోకాళ్ళు వాచి ఉండటం వల్ల కుర్చీలోంచి లేవకుండా, ఒళ్ళో స్టీలు ట్రే పెట్టుకుని నట్లూ బోల్టులూ సైజుల వారీగా ఏరుతోంది. ఆపరేషను గదిలో కత్తెరలు సర్దినట్టే సర్దుతోంది.

చిట్టి ముందు రేకు మీది పాత రంగు గీకుతుంటే ఆవిడ ఉన్నట్టుండి, "అది కోసెయ్యవే," అంది.

"ఏది?"

"ఆ చట్రం. ఐసుపెట్టె పెట్టేది."

ముందు రేకుకు లోపలివైపు, కాళ్ళు పెట్టుకునే చోటికి పైన, నాలుగు చోట్ల వెల్డింగు చేసిన ఇనుప చట్రం అది. టీకా మందుల ఐసుపెట్టెను అందులో కుదిర్చి, తోలు పట్టీతో బిగించి, నర్సమ్మ క్వారీ కాలనీలకూ రైలు పట్టాల అవతలి గుడిసెలకూ తిరిగింది.

చిట్టి గీకుడు ఆపింది. "దాన్నెందుకు కొయ్యడం? అది లేకపోతే ఇది నీ బండని ఎవరికి తెలుస్తుంది?"

"మోకాలికి తగుల్తుంది."

"ఎవరి మోకాలికి? నిలబెట్టి ఉంచే బండమ్మా. దాన్ని నడిపేదెవరు?"

"ఉంచండి అత్తయ్యా," అన్నాడు అల్లుడు మంచం మీంచి. అతని ఒళ్ళో సీటు రెగ్జిను, నోట్లో దారపు కొస ఉన్నాయి. "నాకో గిన్నెడు ఐసు దాచుకోడానికి పనికొస్తుంది. డాక్టరుకి తెలీకుండా చప్పరించుకుంటా."

నర్సమ్మ నవ్వలేదు. అతని మాటకు ఆవిడ నవ్వకపోవడం అరుదు. ట్రేలోంచి ఒక వాషరు తీసి, దాని చిల్లులోంచి వెలుతురు చూసి, మళ్ళీ వేసేసింది.

"నా బండి, నా ఇష్టం. కొయ్యమంటే కొయ్యి."

ఆ వెల్డింగు చేసినవాడెవడో గట్టిపిండం. చిట్టి హాక్‌సా బ్లేడు ఒకటి విరిగింది. రెండోదానికి పళ్ళు అరిగాయి. గంటసేపు కోస్తే చట్రం ఠంగుమని నేల మీద పడింది. ఆకురాయితో నాలుగు మచ్చలూ నున్నగా అయ్యేదాకా రాసి, లప్పం పూసి, అరచేత్తో తడిమి చూసుకుంది. అక్కడ ఎప్పుడైనా ఏదైనా ఉండేదని వేలికి కూడా తెలియదు. పని బాగా కుదిరినందుకు కలగాల్సిన తృప్తి ఆమెకు ఎందుకో కలగలేదు.

మర్నాడు ఆసుపత్రి మేనేజరు వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోకుండా, ఫోనుతో బండిని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. ప్రైమరు ఆరిన రేకులు గోడకు ఆనించి ఉన్నాయి. పక్కనే రంగు డబ్బా ఉంది. స్టెప్నీ బిగించే పట్టీ అడుగువైపు ఎండా వానా తగలని అరచేతంత చోటు ఒకటి చిట్టికి దొరికింది. అక్కడ అసలు రంగు నిన్న వేసినట్టు ఉంది. నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. ఆ పట్టీని పట్టుకుని రంగుల కొట్టుకు మూడుసార్లు తిరిగి, కొట్టువాణ్ణి విసిగించి, సరిగ్గా అదే రంగు కలిపించుకొచ్చింది.

మేనేజరు డబ్బా మూత ఎత్తి చూసి, "ఇదేం రంగమ్మా? క్రీమ్ కదా అనుకున్నాం," అన్నాడు.

"ఈ బండెప్పుడూ క్రీమ్ కాదు సార్. ఇదిగో చూడండి." చిట్టి పట్టీ తీసి చూపించింది.

ఆయన పట్టీ వంక చూడలేదు. చిట్టి వంకా చూడలేదు. కుర్చీలో ఉన్న నర్సమ్మ వంక చూశాడు. "పెద్ద డాక్టరుగారి కారు, ఆయన గది, అన్నీ క్రీమే కదమ్మా. ఫొటోల్లో అంతా ఒక్క వరసలో ఉండాలని చిన్న డాక్టరుగారు అనుకుంటున్నారు."

పెద్ద డాక్టరు ఆసుపత్రి పెట్టినాయన. పోయి చాలా ఏళ్ళయింది. చిన్న డాక్టరు ఆయన కొడుకు, ఇప్పుడు ఆసుపత్రి ఆయనదే.

"క్రీమే వెయ్యవే," అంది నర్సమ్మ.

"అమ్మా..."

"రంగులో ఏముంది? శుభ్రంగా ఉంటుంది. వెయ్యి."

మేనేజరు గొంతు సవరించుకుని, "ఆ బండి రిజిస్ట్రేషను పుస్తకం కూడా..." అన్నాడు. నర్సమ్మ అప్పటికే దాన్ని కవరులో పెట్టి దిండు కింద ఉంచుకున్నట్టుంది, కుంటుకుంటూ వెళ్ళి తెచ్చి చేతికిచ్చింది.

"అదెందుకు సార్?" అంది చిట్టి.

"ఫైలుకమ్మా. ఏ వస్తువు పెట్టినా దానికో ఫైలుంటుంది." చెప్పులేసుకుంటూ ఆయన మళ్ళీ నర్సమ్మ వైపు తిరిగాడు. "శనివారం మీరు శ్రమ పడి రానక్కర్లేదు నర్సమ్మగారూ. ఆ మోకాళ్ళతో ఎక్కడ నిలబడతారు?"

"రాకపోవడమేంటి సార్," అంది చిట్టి. "ఆవిడ బండి చూడ్డానికి ఆవిడ రాకపోతే ఎలా? ఆటోలో నేను తీసుకొస్తా."

మేనేజరు తలూపాడు. సరే అన్నట్టూ ఉంది, వద్దన్నట్టూ ఉంది.

అద్దెకు తెచ్చిన కంప్రెసరుతో పెరట్లో పాత దుప్పట్లు కట్టి ఆ సాయంత్రమే రంగు కొట్టింది చిట్టి. నీలంకాని నీలం డబ్బా మూత బిగించి మెట్ల కింద పెట్టేసింది. మూడు పూతలకు బండి తెల్లబోయినట్టు క్రీమ్ రంగులోకి తిరిగింది. మూతికి కట్టుకున్న గుడ్డ విప్పి, "అత్తయ్యకి ఈమధ్య ఏమైందంటావ్?" అని అడిగింది మొగుణ్ణి. అతను సీటు అంచున కుట్టు వేస్తూ, "మోకాళ్ళ నొప్పి పెరిగింది పాపం," అన్నాడు. "నువ్వు కూడా ఆవిణ్ణి అత్తయ్య అంటున్నావేంటే? రంగు తలకెక్కిందా?"

చిట్టికి నవ్వొచ్చింది. ఆ వారంలో ఆ ఇంట్లో ఎవరైనా మనసారా నవ్వడం అదొక్కసారే.

మంగళవారం అతని టర్ను. ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా. నాలుగు నెలల క్రితం వరకూ రెండు బస్సులు మారి వేరే ఊరు వెళ్ళేవాళ్ళు. పొద్దున్నే బయల్దేరితే వచ్చేసరికి దీపాలు పెట్టేసేవాళ్ళు. తిరుగు బస్సులో అతను కిటికీకి తల ఆనించి, నోరు తెరుచుకుని, చచ్చినవాడిలా పడుకునేవాడు. ప్రతి మలుపులోనూ చిట్టి అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. ఒకరోజు నర్సమ్మ వచ్చి, మన ఆసుపత్రిలోనే ఖాళీ వచ్చిందనీ, ఒకాయనకు కిడ్నీ మార్చడంతో ఆయన టర్ను మిగిలిందనీ చెప్పింది. "పుట్టి బుద్ధెరిగాక నా నంబరు పిలవడం ఇదే," అని అతను రెండు రోజులు అదే మాట చెప్పుకున్నాడు.

అతని ఎడమ చేతికి సూదులు గుచ్చి, మిషను తిప్పారు. ఎర్రటి గొట్టాలు కదలడం మొదలయ్యాక చిట్టి బయటికొచ్చి వరండా బెంచీ మీద కూర్చుంది. పక్కన ఒకావిడ, ఒళ్ళో లావుపాటి ఫైలుతో. ప్రతి మంగళవారం వస్తుంది. కిటికీ దగ్గర ఏదో అడుగుతుంది, వచ్చి కూర్చుంటుంది, కాసేపటికి వెళ్ళిపోతుంది.

"ఇవాళ కూడా లేదన్నారా?" అని అడిగింది చిట్టి.

"లేదన్నారమ్మా. మా తమ్ముడికి. పేరు రాయించి పద్నాలుగు నెలలు." ఆవిడ ఫైలు అంచులు సరిచేసుకుంది. "మీరెప్పుడు రాయించారు?"

చిట్టి లెక్క చూసుకుంది. చెప్పడానికి మొహమాటపడింది. "మాకు కాస్త తొందరగానే వచ్చింది."

"పోన్లెండి, ఎవరికో ఒకరికి వచ్చింది," అంది ఆవిడ. ఆ గొంతులో అసూయ ఏమీ లేదు. "మావాడు ఇంక బస్సులు ఎక్కలేనంటున్నాడు. అంతదూరం వెళ్ళి బాగుపడ్డంకంటే ఇంట్లో ఉండి పోవడమే నయం అంటున్నాడు. ఏం చెప్పను వాడికి?"

చిట్టి సంచిలోంచి రొట్టె తీసి సగం ఆవిడకిచ్చింది. ఇద్దరూ తిన్నారు.

బుధవారం పొద్దున్నుంచీ ఇంజను మొండికేసింది. కొత్త రింగులు వేసింది, కార్బురేటరు మూడుసార్లు విప్పి కడిగింది, ప్లగ్గులో నిప్పురవ్వ కూడా ఎర్రగా కాదు, బలంగా నీలంగానే మెరుస్తోంది. కిక్కు కొడితే మాత్రం ఒక దగ్గు దగ్గి ఊరుకుంటోంది. నలభై కిక్కులకు చిట్టి చీలమండ వాచింది. పెరటి గట్టు మీద కూలబడి, బట్టల కంపెనీలో కుట్టు తప్పే మిషన్ల గురించి ఆలోచించింది. సూది అడుగుదాకా దిగి, రవ్వంత పైకి లేచినప్పుడు కింది కొక్కెం వచ్చి దారాన్ని అందుకోవాలి. కొక్కెం వెంట్రుక ముందొచ్చినా, వెంట్రుక వెనకొచ్చినా దారం అందదు. సూది మంచిదే, దారం మంచిదే, కలవాల్సిన వేళకు కలవలేదంతే. ఆమె లేచి, ప్లగ్గుకు నిప్పురవ్వను పంపే మాగ్నెటో మూత విప్పింది. పాయింట్ల మధ్య సందు కొలిచే రేకు తన కుట్టుమిషన్ల పెట్టెలోదే. రవ్వ సరైన వేళకు పడేలా ప్లేటును గోరంత వెనక్కి తిప్పి బిగించింది.

రెండో కిక్కుకు బండి పలికింది.

ముందు తెల్లటి పొగ, ఆ తర్వాత చప్పుడు. పెరటి గోడలు అదిరాయి. మంచం మీంచి మొగుడు, "అద్దీ!" అని అరిచాడు. నర్సమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆవిడ ఎడమ చెయ్యి దానంతటదే గాల్లో పిడికిలి పట్టి, గేరు వేసినట్టు మణికట్టు దగ్గర చిన్నగా తిరిగింది. వెంటనే ఆ చేతిని పైట కింద దాచుకుంది.

"రా అమ్మా, ఎక్కు. వీధి చివరిదాకా తిప్పుకొస్తా," అని అరిచింది చిట్టి, చప్పుడును మించి వినబడేలా.

"ఆపెయ్యి."

"ఒక్క రౌండే."

"ఇచ్చేసినదాన్ని మళ్ళీ ఎక్కడమెందుకు? ఆపు. పక్కింటి పసిపిల్ల లేస్తుంది."

చిట్టి ఆపింది. వేడెక్కిన ఇనుము టిక్కు టిక్కుమంటూ చల్లారుతుంటే, తల్లి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకోవడం వినిపించింది. వయసు మీద పడ్డవాళ్ళకు పాత వస్తువు వదులుకోవడం కష్టమే అనుకుని, స్పానర్లు తుడుచుకుంది.

శుక్రవారం మధ్యాహ్నానికి అద్దాలు, లైటు, కొత్త తీగలు, భర్త కుట్టిన నల్లటి సీటు అన్నీ బిగించడం అయింది. సీటు అంచున కుట్లు పుస్తకం వెన్ను మీది కుట్లలా కొలిచినట్టున్నాయి. ఆసుపత్రి వ్యాను వచ్చి బండిని ఎక్కించుకుపోయింది. ముగ్గురూ గుమ్మంలో నిలబడి, వ్యాను మలుపు తిరిగేదాకా చూశారు.

శనివారం తెల్లవారి ఏడింటికి భర్తను పై అంతస్తులో మిషను దగ్గర పడుకోబెట్టి, చిట్టి మళ్ళీ ఇంటికొచ్చి తల్లిని బయల్దేరదీసింది. నర్సమ్మ రానని రెండుసార్లంది. మూడోసారి అనకుండా చీర మార్చుకుంది.

పోర్టికోలో ఎర్ర తివాచీ, ఇత్తడి కంబాలు, వాటికి తాడు. మధ్యలో స్కూటరు. ఎండ పడి తళతళలాడుతోంది. దాని పక్కన గుడ్డ కప్పిన బోర్డు. తెల్ల కోట్లు, కెమెరాలు, నర్సింగు పిల్లలు. చిన్న డాక్టరు నాలుగు మాటలు మాట్లాడి గుడ్డ లాగాడు. చప్పట్లు కొట్టారు.

చిట్టి వెనక వరసలోంచి మునివేళ్ళ మీద లేచి చదివింది. వ్యవస్థాపకులైన పెద్ద డాక్టరుగారు ఊరూరా తిరిగి, గుడిసె గుడిసెకూ వైద్యం అందించిన స్కూటరు. కింద ఆయన ఫొటో. ఆమె మళ్ళీ మొదట్నుంచీ చదివింది. ఎక్కడో ఒక మూల, చిన్న అక్షరాలతోనైనా ఉంటుందేమోనని అంచులు కూడా చూసింది.

"ఆయన జన్మలో దీనిమీద కూర్చోలేదు," అంది. గట్టిగానే అన్నట్టుంది, ముందు నిలబడ్డ ఒకరిద్దరు వెనక్కి చూశారు. "రెండు చక్రాలంటేనే ఆయనకి భయమని నువ్వే కదా చెప్పేదానివి. ఉండు, మేనేజరుకి చెప్పొస్తా. వీళ్ళకి తెలీక రాసుంటారు."

నర్సమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. నాడి చూసేచోట, నాడి చూసినట్టే, కానీ వదలకుండా. అలాగే పట్టుకుని మందుల స్టోరు పక్క నడవాలోకి తీసుకెళ్ళింది. అక్కడ గోడకు ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"తెలీక రాయలేదే. తెలిసే రాశారు. నేనే సంతకం పెట్టిచ్చాను."

"దేని మీద?"

"బండి ఆయనదేననీ, ఆయన పోయాక నా దగ్గర ఉంచారనీ. కాగితం వాళ్ళే టైపు చేసి తెచ్చారు."

చిట్టి తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఆమె వెతికింది సిగ్గు. కనబడింది అలసట.

"ఎందుకు?"

నర్సమ్మ కళ్ళెత్తి పైకి చూసింది. చూపు సీలింగు దగ్గర ఆగలేదు. పై అంతస్తుదాకా వెళ్ళింది.

"ఖాళీ వచ్చిందని చెప్పానే, ఎవరికో కిడ్నీ మార్చారని. ఎవరికీ ఏమీ మార్చలేదు. మనకంటే ముందు పదకొండు మంది ఉన్నారు. ఆ బస్సులో నువ్వు అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడ్డం నేను చూశాను. ఒకసారి మీతో వచ్చాను చూడు, అప్పుడు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, పేషెంటు వివరాలు చెప్తున్నట్టు. "వెళ్ళి చిన్న డాక్టర్ని అడిగాను. ముప్పై ఏళ్ళు చేశాను బాబూ, ఒక్కటి అడుగుతున్నాను అన్నాను. చూద్దాం అన్నాడు. వారం తర్వాత మేనేజరొచ్చి బండి సంగతెత్తాడు."

"ఊళ్ళో సగంమందికి తెలుసమ్మా అది నీ బండని."

"తెలిసినవాళ్ళకి తెలుసు. వాళ్ళూ పోతారు. బోర్డుంటుంది."

నడవా చివర ఒక స్ట్రెచరు కిర్రుమంటూ వెళ్ళింది. చిట్టికి చట్రం కోసిన చోట లప్పం మీద తన అరచెయ్యి నడిచిన నునుపు గుర్తొచ్చింది. ఎంత బాగా తుడిచేసింది. ఆ వెంటనే ఫైలు ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ, రొట్టె తింటూ కదిలిన ఆ దవడలు గుర్తొచ్చాయి.

"ఇప్పుడు వెళ్ళి నిజం చెప్తే?"

"లిస్టు నెలనెలా కొత్తగా రాస్తారు," అంది నర్సమ్మ. "అల్లుడికి మాత్రం చెప్పకు. తెలిస్తే ఆ మిషను మీద పడుకోడు. అతని సంగతి నీకు తెలుసు."

చిట్టికి తెలుసు. పుస్తకంలో ఒక్క పేజీ వంకర పడిందని రాత్రంతా కుట్లు విప్పి మళ్ళీ కుట్టే మనిషి.

అంతలో మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "ఏమ్మా, ఇక్కడున్నారా? డాక్టరుగారు ఫొటోకి బండి స్టార్టు చెయ్యాలంటున్నారు, అది అవడం లేదు. ఒక్కసారి రా."

చిట్టి తల్లి వంక చూసింది. నర్సమ్మ మణికట్టు వదిలేసింది.

తాడు ఎత్తి ఆమెను లోపలికి పంపారు. చిన్న డాక్టరు నుదుటి మీద చెమట తుడుచుకుని, మర్యాదగా పక్కకు జరిగాడు. పెట్రోలు నాబు తిప్పలేదాయన. చిట్టి వంగి నాబు తిప్పింది, చోక్ లాగింది, ఒక్క కిక్కు కొట్టింది. చప్పుడు పోర్టికో కప్పుకు తగిలి భవనమంతా పాకింది. చిన్న డాక్టరు ఎక్కి కూర్చుని, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని నవ్వాడు. ఆయన మోకాళ్ళకు ముందు రేకు దగ్గర బోలెడు చోటుంది. కెమెరాల్లో పడకుండా చిట్టిని కాస్త తప్పుకోమన్నారు. తప్పుకుంది.

పై అంతస్తుకు వెళ్ళేసరికి తొమ్మిదీ యాభై అయింది. కిటికీ పక్క బెడ్డు మీద ఆమె మొగుడు పడుకుని ఉన్నాడు, ఎడమ చెయ్యి చాపి. ఆమెను చూడగానే అతని మొహం విచ్చుకుంది.

"విన్నానే. మొత్తం విన్నా. ఒక్క కిక్కుకే అయింది కదూ? నువ్వే కదూ కొట్టింది?"

"నేనే."

"చెప్పానా?" అన్నాడతను పక్క బెడ్డు పెద్దాయనతో. ఆయన చేతికీ గొట్టాలున్నాయి. "మా అత్తగారి బండి. ఇంజను ఈవిడ చేసింది. సీటు నాది."

"మీ అత్తగారిదెక్కడయ్యా," అన్నాడు పెద్దాయన నవ్వుతూ. "వచ్చేటప్పుడు బోర్డు రాసేవాళ్ళని చూశాను. పెద్ద డాక్టరుగారిదట. ఊరూరా తిరిగేవారట దానిమీద."

"బోర్డు తప్పండీ. వీళ్ళు ఇలాగే ఏదో ఒకటి రాసేస్తారు. ఇదిగో ఈవిడనే అడగండి." అతను చిట్టి వైపు తిరిగాడు. "చెప్పవే ఆయనకి."

మిషన్ల టెక్నీషియను రెండు బెడ్ల అవతల అంకెలు రాసుకుంటున్నాడు. రాయడం ఆపి తలెత్తాడు. అతని వెనక గోడ మీద తెల్లబోర్డు, వారాలు, వేళలు, ఎవరి టర్ను ఎప్పుడో. పెద్దాయన కూడా చూస్తున్నాడు. గొట్టాల్లో రక్తం ఒకే వేగంతో వెళ్తోంది, వస్తోంది.

చిట్టి భర్త కాళ్ళ మీది దుప్పటి సర్దింది. సర్దిన చోటే మళ్ళీ సర్దింది.

"పెద్ద డాక్టరుగారిదే," అంది. "అమ్మ దగ్గర ఉంచారంతే."

పెద్దాయన, "నే చెప్పలా?" అని కళ్ళు మూసుకున్నాడు. టెక్నీషియను మళ్ళీ రాసుకోవడంలో పడ్డాడు.

మొగుడు ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అతని చూపు నెమ్మదిగా గొట్టాల వెంట మిషను దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి గోడ మీది తెల్లబోర్డు దగ్గర ఆగింది. ఆమె అతని కుడి చెయ్యి పట్టుకోబోయింది. అతను చెయ్యి లాక్కోలేదు. పట్టుకోనూ లేదు.

మిషను మీద ఇంకా గంటా పది నిమిషాలు చూపిస్తోంది.